మెయిలు పోయాక కొట్టే గంట

మట్టల ఆదివారం నాడు మిల్లు మాల్యాద్రి వియ్యంకుడు విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తో లేచి స్టేషనుకు పరిగెత్తాడు. తూముపాళెంలో ఆ వారమంతా జరిగిన రచ్చ ఆ ఎంగిలి చేతి దగ్గరే మొదలైంది.

పోర్టరు సమాధానం అప్పుడు ప్లాట్‌ఫారం మీద నీళ్ళ తొట్టి కడిగి నింపుతున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. పేట రోడ్డు మీద దుమ్ము లేస్తే ఏ గొడ్ల మందో అనుకొని తలెత్తాడు. ముందు వియ్యంకుడు, ఆయన వెనక పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని వియ్యపురాలు, ఆ వెనక కొత్తల్లుడు, మూటలూ పెట్టెలూ వేసుకొని హనీఫా జట్కా, అందరికంటే వెనక ఒక్క కాలికే చెప్పుతో మాల్యాద్రి. రైసుమిల్లు పెట్టినప్పటి నుంచీ మాల్యాద్రి పరిగెత్తగా చూసినవాడు ఊళ్ళో లేడు.

"బండేదిరా?" అన్నాడు మాల్యాద్రి రొప్పుతూ.

"ఒంటిగంట బండికి ఇంకా గంటన్నర టైముందయ్యా."

"మరి గంట కొట్టినావే?"

"నేను కొట్టలా అయ్యా. అది మా గుడి గంట. మట్టలు పట్టుకొని ఊరేగింపు చేసినారు గదా, పిలకాయలు సంబరం పట్టలేక వాయించినారు."

వియ్యంకుడు ఆ నిండు తొట్టిలో చెయ్యి ముంచి, సాంబారు మెతుకులు వదిలేదాకా కడుక్కున్నాడు. ఆ తొట్టిని సమాధానం మళ్ళీ మొదటి నుంచి కడగాల్సి వచ్చింది.

"మీ ఊరి సంగతి బాగుంది బావగారూ. గంట కొడితే బండొస్తుందో దేవుడొస్తాడో తెలియదన్నమాట!" అన్నాడు వియ్యంకుడు, కండువాతో చెయ్యి తుడుచుకుంటూ.

ప్లాట్‌ఫారం మీద ఉన్న పదిమందీ పకపక నవ్వారు. వేరుశనక్కాయల ముసలమ్మ తట్ట దించుకొని మరీ నవ్వింది. మాల్యాద్రి మాత్రం నవ్వలేదు. ఆడపిల్లనిచ్చిన ఇంటివాళ్ళను విస్తరి ముందు నుంచి లేపిన ఊరని రేపు చుట్టాలందరూ చెప్పుకుంటారు. ఆయన రెండో చెప్పు ఎక్కడ ఊడిందో వెతుక్కుంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

ఆ నడక చూసినప్పుడే సమాధానానికి మనసులో ఏదో కీడు తోచింది.

సోమవారం పొద్దున ప్యాసింజరును సాగనంపాక స్టేషన్ మాస్టరు ఓబులేసు అతణ్ణి గదిలోకి పిలిచాడు. ఓబులేసు గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మంచివాడే. కాకపోతే కాగితం మీద లేనిదేదీ లోకంలో లేదని నమ్మే రకం.

"తలుపు దగ్గరగా వెయ్యప్పా," అన్నాడు. బల్ల మీద గాజు గుండు కింద ఒక అర్జీ ఉంది. "మాల్యాద్రి ఇచ్చిపోయినాడు. నలభై సంతకాలు. విను. 'రైల్వే వారి పట్టా ముక్కను కాలవగట్టు క్రైస్తవులు గంటగా వాడుచున్నందున ప్రయాణికులు మోసపోవుచున్నారు. సదరు పట్టా వారి చేతికి ఎట్లు వచ్చినదీ విచారించవలెను.'"

సమాధానం ఆ సంతకాల వంక చూశాడు. తలకిందులుగా ఉన్నా కొన్ని పోల్చుకున్నాడు. కాఫీ హోటలాయన, ఆయిలింజన్ల షాపాయన, నెల్లూరు ఆఫీసుల్లో ఉద్యోగం చేస్తూ స్టేషను పక్కన చవగ్గా స్థలాలు కొని ఇళ్ళు కట్టుకున్న గుమాస్తాలు. వాళ్ళందరి పెట్టెలూ అతను మోసినవే. పదేళ్ళ కిందట రైలు ఇక్కడ ఆగడం మొదలైనప్పుడు చుట్టుపక్కల ఉన్నది పాళెం ఒక్కటే. అందుకని స్టేషనుకు పాళెం పేరు పెట్టారు. తరవాత వెలసిన పేటకు స్టేషను పేరు వచ్చింది. ఆ పేట పెరిగి పెరిగి పాళెం అంచుదాకా వచ్చేసరికి అసలు పాళెం వాళ్ళకు పేరే లేకుండా పోయి, కాలవగట్టు వాళ్ళుగా మిగిలారు.

"అది మా నాయనకు లైను ఇన్‌స్పెక్టరు దొర ఇచ్చింది సార్," అన్నాడు సమాధానం. "మా నాయన క్రీస్తుదాసు కీమేను. తెల్లారి లైను మీద నడస్తా సుత్తితో తట్టి చూస్తే ఒక పట్టా తేడాగా మోగింది. పగులుంది. దాన్ని తీసేసినాక దొర కోయించి, ఒక ముక్క ఈ స్టేషనుకు కట్టించినాడు. ఒక ముక్క నీ గుడికి కట్టుకోరా అని మా నాయనకు ఇచ్చినాడు. రెండూ ఒక పట్టాయే సార్. అందుకే ఒకటే మాదిరి మోగతాయి."

"ఇచ్చినట్టు కాయితం ఉందా?"

"కాయితం ఇయ్యలా సార్."

"ఆ దొర?"

"వాళ్ళ సీమకు పోయినాడు."

"మీ నాయన?"

"సమాధుల దొడ్లో ఉండాడు సార్."

ఓబులేసు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడప్పా సమాధానం. నీ పర్మనెంటు ఆర్డరు వచ్చే నెల. ఈ అర్జీ నేను పైకి పంపితే మొట్టమొదట అడిగేది, ఆ ముక్కను ఎవరు మోసినారని."

"నేనే మోసినా సార్, మా నాయనతో పాటు."

"నేను వినలేదు," అన్నాడు ఓబులేసు గబుక్కున. "నేను వినలేదు. నువ్వు అనలేదు. రేపు సాయంత్రం లోపల ఆ ముక్క తెచ్చి లాంపురూములో పెట్టు. అర్జీ ఇక్కడే ఉంటాది. ఇంతకంటే నేను చేయగలిగింది లేదు."

ఎనిమిదేళ్ళుగా టెంపరరీ పోర్టరు అతను. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికి పోవాల్సిన కొలువు. పర్మనెంటు అయితే జబ్బుపడినా జీతం వస్తుంది, రేపు ముసలితనానికి ఇంత ఆధారం ఉంటుంది. సమాధానం తలూపి బయటికొచ్చాడు. దొంగతనం చెయ్యనివాడు దొంగసొత్తు అప్పగించినట్టు అప్పగించాలి, అదీ తన చేతులతోనే. ఆ సంగతి ఆలోచిస్తూ ఆ పూట సిగ్నలు దీపాల్లో నూనె రెండుసార్లు ఒలకబోశాడు.

తల్లికి ఆ రాత్రే చెప్పాలనుకున్నాడు, నోరు రాలేదు. మంగళవారం తెల్లవారుజామున మెయిలు వెళ్ళింది. తూముపాళెంలో ఆగని బండి అది. అది పోతుంటే గుడిసెలో నీళ్ళ కుండ మీద మూత గలగలమంటుంది. ఆ చప్పుడుకు ఏసుమణి లేచింది. ఎప్పటిలాగే మొహం కడుక్కుంది, పొయ్యి రాజేసింది, ఎసరు పెట్టింది, కొంగు తలమీదికి లాక్కొని గుడి దగ్గరికి నడిచింది. ఆమె గంట కొట్టే తీరు ఒకటుంది. ఒక దెబ్బ, కాస్త ఆగి రెండు, మళ్ళీ ఆగి ఒకటి. తొందర ఉండదు. పాళెం వాళ్ళు లేచి ప్రార్థన చేసుకొని పనుల్లోకి పోవడానికి ఆ గంట. పాస్టరయ్యగారు కొడవలూరు నుంచి నెలకు రెండు ఆదివారాలే వస్తారు కాబట్టి మిగతా దినాలన్నీ గుడికి ఆమే పెద్ద.

కొట్టడం అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు.

ఏసుమణి గంట కొట్టే బోల్టు చేతిలో పట్టుకొని విన్నది. ఆ బోల్టు కూడా లైను మీదిదే.

"సర్కారుది కాదని నేననలా," అంది చివరికి. "పగులు చూసినోడిది కూడా కాదంటే మాత్రం నేనొప్పుకోను. ఆ పగులు మీ నాయన చూడకపోయుంటే ఎన్ని ప్రాణాలు పోయేవో నీకు తెలవదా?"

"తెలుసు మా. కాయితం లేదంటుండాడు."

"ప్రాణం కాపాడినదానికి కాయితం ఎవురిస్తార్రా?" ఆమె కాసేపు పట్టా ముక్క వంకే చూసింది. "ఈస్టరు తెల్లారి ఏం కొట్టాల? సత్తు పళ్ళెం కొట్టాల్నా?"

ఆమె కొడుకు మొహం చూసింది, వాడి ఖాకీ చొక్కా చూసింది. బోల్టు తీసి కొంగులో ముడేసుకుంది.

"దించుకో పో. ఇది మాత్రం నేనియ్యను. దీని గురించి నీ అర్జీలో రాయలా గదా."

గుడి ముందు రెండు పాత స్లీపరు దుంగలు పాతి, వాటి మీద అడ్డంగా ఇంకో దుంగ వేసి ఉంది. రెండడుగుల పట్టా ముక్క. బోల్టు బిగించే కంతలోంచి కట్టుకమ్మి దూర్చి వేలాడదీశారు. సమాధానం స్టూలు వేసుకొని ఎక్కి కమ్మి మెలిక విప్పాడు. పదేళ్ళ తుప్పు, ఒక పట్టాన రాలేదు. వదులయ్యేటప్పటికి బరువు ఒక్కసారి భుజం మీద పడింది. ముక్క అంతా నల్లగా ఉన్నా, ఏసుమణి కొట్టే చోట మాత్రం రూపాయి బిళ్ళంత మేర తళతళ మెరుస్తోంది. తువ్వాలు చుట్టకుదురుగా చుట్టుకొని నెత్తికెత్తుకున్నాడు. పాళెం ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమన్నా అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

కాలవ మలుపులో హనీఫా జట్కా ఎదురైంది.

"ఏందన్నా ఇది, నెత్తిన పెట్టుకొని? బండ్లో వెయ్యి. ఉత్తదే పోతా ఉండా."

"వద్దులే హనీఫా. తెచ్చినప్పుడూ మోసినా. ఇప్పుడూ మొయ్యాల."

హనీఫాకు సంగతి అర్థమైంది. జట్కా పక్కకు తీసి, అతను దాటిపోయేదాకా గుర్రాన్ని కదలనివ్వలేదు.

లాంపురూములో దీపాల వరస కింద, కిరసనాయిలు డబ్బాల పక్కన సమాధానం ఆ ముక్కను దించి, పైన గోనెసంచి కప్పాడు. ఓబులేసు వచ్చి చూసి, ఏ రిజిస్టరులోనూ ఎక్కించకుండానే తలుపు వేశాడు.

బుధవారం తెల్లవారుజామున మెయిలు వెళ్ళింది. పాళెంలో గంట మోగలేదు. ఏసుమణి మామూలుగానే లేచి, గుడి ముందు దాకా నడిచి, ఖాళీ దుంగ కింద నిలబడి ప్రార్థన చేసుకొని వచ్చింది.

ఆ పొద్దున సమాధానం స్టేషనులో ఒక వింత చూశాడు. ముందు స్టేషను నుంచి బండి బయలుదేరినట్టు కబురు వచ్చింది. అతను వెళ్ళి స్టేషను గంట కొట్టాడు. ఆ వేళకు ఎప్పుడూ ప్లాట్‌ఫారం సంతలా ఉంటుంది. పాలక్యాన్ల వాళ్ళు, ఆకుకూరల తట్టల వాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, టిఫిను క్యారియర్ల గుమాస్తాలు. ఈ రోజు చూస్తే పదిహేనుమంది లేరు. గంట విన్నాక మిగతావాళ్ళు పేట రోడ్డు మీద కనిపించారు, పరిగెత్తుతూ. స్టేషను గంట కొట్టిన పది నిమిషాలకు బండి వస్తుంది. పేట మధ్య నుంచి స్టేషనుకు పావుగంట నడక. బండి రెండు నిమిషాలు ఆగి, ఎవరికోసమూ చూడకుండా పోయింది. ఆకుకూరల వాళ్ళు తట్టలు దించి నోటికొచ్చినట్టు తిట్టారు. ఎవరిని తిట్టాలో తెలియక బండినే తిట్టారు.

"ఇన్నేళ్ళలో ఒక్కనాడు తప్పలేదే!" అన్నాడొక గుమాస్తా. "ఈ రోజు బండి ముందొచ్చిందా ఏంది?"

"లేదు సార్. టైముకే వచ్చింది," అన్నాడు సమాధానం.

చెప్పాడే గాని అతనికీ అప్పుడే ఏదో తట్టింది. ఇంటికి పోయి తల్లినడిగాడు.

"మా, నువ్వు గంట ఎప్పుడు కొట్టేదానివి?"

"ఎప్పుడేంది? మెయిలు పోయినాక. మూత గలగలమంటే లేస్తా. పొయ్యి రాజేసి పోయి కొడతా."

"మెయిలు లేటుగా పోతే?"

"నేనూ లేటుగా లేస్తా. నాకేమన్నా గడియారం ఉండాదా?"

సమాధానం అరుగు మీద కూర్చొని లెక్క కట్టాడు. ఉన్నది ఒకటే లైను. మెయిలు దాటిపోయేదాకా ప్యాసింజరును బిట్రగుంటలో ఆపుతారు. మెయిలు పోయిన గంటంబావుకు ప్యాసింజరు రావాల్సిందే, ముందూ కాదు వెనకా కాదు. అమ్మ గంట విని లేచినవాడు మొహం కడుక్కొని, ఇంత తిని, నడిచి వస్తే బండి సరిగ్గా దొరుకుతుంది. ఈ పదేళ్ళూ పేట అంతా ఆ గంటతోనే లేచి, ఆ గంటతోనే పొయ్యి వెలిగించి, ఆ గంటతోనే నెల్లూరు పోయి ఉద్యోగాలు చేసింది. ఆ సంగతి పేటకూ తెలియదు, గంట కొట్టిన ఏసుమణికీ తెలియదు. అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

గురువారం నాడు మాల్యాద్రి వంతు వచ్చింది.

మాల్యాద్రి చాలాకాలంగా ఒక గూడ్సు షెడ్డు కోసం తిరుగుతున్నాడు. షెడ్డు వస్తే మిల్లు బియ్యం ఇక్కడే వ్యాగన్లకెక్కుతాయి. పేటకు లారీలొస్తాయి, కొట్లొస్తాయి. అది ఒట్టి స్వార్థమని కొట్టిపారెయ్యడానికీ లేదు. మూటలు మోసే పని పాళెం వాళ్ళకే దొరుకుతుంది. పైఆఫీసరు నెల్లూరులో మకాం వేశాడు, గురువారం పొద్దున ఎనిమిదింటికి చూస్తానన్నాడు.

ప్యాసింజరు ఆఖరి పెట్టె హోం సిగ్నలు దాటి మలుపు తిరుగుతుండగా హనీఫా జట్కా స్టేషను ముందు ఆగింది. మాల్యాద్రి దిగాడు. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా, చంకలో కాగితాల కట్ట. తొణక్కుండా, బెణక్కుండా, ఇంకా అరగంట ఉందన్న ధీమాతో మెట్లెక్కాడు. ఖాళీ ప్లాట్‌ఫారం చూసి కూడా ఆయనకు అర్థం కాలేదు.

"ఇంకా ఎవురూ రాలేదేరా?"

"బండి పోయిందయ్యా."

"పోవడమేంది? ఇంకా ఆరు కాలేదు. మా ఇంట్లో గడియారం చూసుకొని బయల్దేరినా."

సమాధానం స్టేషన్ మాస్టరు గది గోడ వైపు చూశాడు. గడియారంలో ఆరూ ఇరవై అయింది. మాల్యాద్రి బెంచీ మీద కూలబడ్డాడు. కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకొని పట్టాల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన పెట్టిన అర్జీ తలుచుకొని సమాధానం సంతోషించవలసిన ఘడియే అది. కానీ ఆ మనిషి మొహం చూస్తే అతనికి సంతోషం రాలేదు. ఓబులేసు బయటికి వచ్చి, నెల్లూరుకు తనే ఫోనులో కబురు చేస్తానని, ఆఫీసరు రేపు తొమ్మిదింటి దాకా ఉంటాడని చెప్పాడు.

శుక్రవారం మాల్యాద్రి ఏ గడియారాన్నీ నమ్మలేదు. చుక్క పొడిచినప్పుడే లేచి, భార్య చెంచమ్మను కూడా వెంటబెట్టుకొని స్టేషనుకు వచ్చాడు. ఆమె నెల్లూరులో చెల్లెల్ని చూడాలి. గుడ్ ఫ్రైడే సెలవు కాబట్టి గుమాస్తాలు రాలేదు గాని, రెండు రోజులు దెబ్బతిన్న పాల వాళ్ళూ కూరల వాళ్ళూ ముందే వచ్చి ప్లాట్‌ఫారం నిండా కూర్చున్నారు. అయిదయింది, ఆరయింది, ఏడయింది. మెయిలే రాలేదు. ఎక్కడో ఇంజను చెడి రెండు గంటలు లేటు. ఆకుకూరలు వాడిపోయాయి. చంటిపిల్లలు ఏడ్చారు. కాఫీ లేక మాల్యాద్రికి తలనొప్పి పట్టుకుంది.

"ఇదివరకు లేటయితే మనకు ముందే తెలిసేది గదా. ఇంట్లోనే ఉండేవాళ్ళం," అంది వేరుశనక్కాయల ముసలమ్మ. "ఇప్పుడు తెలవకుండా ఎందుకు పోయింది?"

చెంచమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. చివరికి ఉండబట్టలేక మొగుడితో అంది.

"నేనొక మాట చెప్తా, నువ్వు కోప్పడద్దు. మనింటి గడియారం రోజుకు పావుగంట ఎనక్కి నడస్తది."

"ఎప్పటి నించి?"

"కొన్న కాడి నించి. తెల్లారి ఆ గట్టు మీద గంట ఇనపడతానే నేను ముల్లు అయిదుకు తిప్పేదాన్ని. మంగళవారం తిప్పిందే ఆఖరు. ఆ మీద గంటా లేదు, నేను తిప్పనూ లేదు."

బెంచీ చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. ఆ గంట తీయించమని సంతకం పెట్టిన కాఫీ హోటలాయన వాళ్ళలోనే ఉన్నాడు. ఆయన నేల చూపులు చూశాడు. అందరికీ ఒకరి తరవాత ఒకరికి వెలిగింది. వేలు విడిచిన చుట్టాన్ని కూడా పెళ్ళికి పిలుస్తారు, ఇన్నేళ్ళు నిద్రలేపిన గంటను మాత్రం అర్జీ పెట్టి దించేశారు.

మాల్యాద్రి లేచి ఓబులేసు గదిలోకి వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో సమాధానానికి వినిపించలేదు. కాసేపటికి బయటికి వచ్చి, ఎటో చూస్తూ అన్నాడు.

"ఒరే సమాధానం. సాయంత్రం ఆ ముక్క తీసుకపోయి ఎప్పట్లా కట్టుకోండి."

సరేనయ్యా అని సమాధానం నోటిదాకా వచ్చింది. రోజుకు నూరుసార్లు అనే మాటే. కానీ నెత్తిమీద ఆ బరువు ఇంకా ఉన్నట్టే ఉంది.

"మా అమ్మను అడిగి చెప్తానయ్యా," అన్నాడు.

మధ్యాహ్నం గుడిలో మూడు గంటల ఆరాధన అయ్యాక, బయట దుంగ కింద నిలబడి తల్లికి చెప్పాడు. ఏసుమణి ఉపవాసంతో నీరసంగా ఉంది. విని, కళ్ళు మూసుకొని తెరిచింది.

"దించింది నా కొడుకు. దించమన్నదెవురు?"

"మా, ఆయన పెద్దమనిషి. నా ఆర్డరు..."

"నేను తిట్టమన్లా. క్షమాపణ చెప్పమని అడగమన్లా. దించమన్నోళ్ళే తెచ్చి ఎక్కిచ్చాల. నువ్వు మొయ్యబాకు. ఒకసారి మోసింది చాలు."

సాయంత్రం బండిలో మాల్యాద్రి దిగాడు. ఆఫీసరును కలిశాడట, స్థలం చూడడానికి మనిషిని పంపుతానన్నాడట. ఆ సంతోషంలో ఉండగానే చెప్పెయ్యాలని సమాధానం ఎదురెళ్ళాడు. చేతిలో జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. తల్లి అన్న మాట ఒక్క అక్షరం తగ్గించకుండా, పెంచకుండా చెప్పాడు. మాల్యాద్రి విని, చెంచమ్మ చేతిలో సంచీ అందుకొని మెట్లు దిగిపోయాడు. సంగతి ఏ వైపు తిరుగుతుందో తెలియక సమాధానం ఆ రాత్రి కంటికి కునుకు లేకుండా గడిపాడు.

శనివారం పదకొండింటికి అతను లాంపురూము ముందు కూర్చొని దీపం గాజులు తుడుస్తుండగా హనీఫా జట్కా వచ్చింది. వెనక మాల్యాద్రి నడిచి వస్తున్నాడు. తిన్నగా లాంపురూములోకి పోయి గోనెసంచి లాగాడు. అలవాటు కొద్దీ సమాధానం వంగబోయాడు.

"నువ్వుండు," అన్నాడు మాల్యాద్రి.

ఆయనొక కొస, హనీఫా ఒక కొస పట్టుకొని లేపారు. మిల్లు ఓనరు గనక బియ్యం మూటల బరువు తెలుసు గాని, మోసి తెలియదు. మొహం ఎర్రబడింది. తెల్ల పంచె మీద తుప్పు చార పడింది. దాన్ని చూసుకొని కూడా తుడుచుకోలేదు. జట్కా కాలవగట్టు వైపు తిరిగింది. పాళెంలో సగంమంది ఆయన మిల్లులోనే పని చేస్తారు. ఆయన మాత్రం ఆ గట్టు ఎక్కడం ఇదే మొదలు.

"మీ అమ్మ పేరేంది?" అని నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి అడిగాడు.

"ఏసుమణి అయ్యా."

"ఏసుమణమ్మ," అని ఒకసారి తనలో తను అనుకొని జట్కా వెంట నడిచాడు.

సమాధానం డ్యూటీ వదిలి పోలేడు. ఒంటిగంట బండి వేళకు సిగ్నలు దగ్గర ఉండాలి. చెయ్యి గాజు తుడుస్తోంది, చెవులు మాత్రం గట్టు మీదే ఉన్నాయి. ఓబులేసు గదిలోంచి వచ్చి ఒక కాగితం అతని ఒళ్ళో పడేశాడు.

"గుడ్డతో మసి పోదప్పా. కాయితమైతే శుభ్రంగా పోతాది."

నలభై సంతకాల అర్జీ. సమాధానం తలెత్తి చూసేసరికి ఆయన గదిలోకి పోయి రిజిస్టరులో తల దూర్చేశాడు. సమాధానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గాజులోకి దూర్చి తిప్పాడు. మసి నిజంగానే శుభ్రంగా వదిలింది.

అప్పుడు మోగింది గంట.

మొదటి దెబ్బకే అతనికి తెలిసిపోయింది, అది అమ్మ చెయ్యి కాదు. గురి తప్పిన దెబ్బ. కొసన తగిలి బొంగురుగా మోగింది. రెండోది ఇంకాస్త లోపలికి. మూడోది సరిగ్గా ఆ మెరుపు బిళ్ళ మీద పడినట్టుంది, ఖంగుమని కాలవ దాటి పేట మీదుగా పోయింది. ఇక చూసుకో, నాలుగు, అయిదు, ఆరు. కొత్తగా గంట దొరికిన పిలకాయ కొట్టినట్టు ఆపకుండా. కొంగు ముడి విప్పి అమ్మే ఆ బోల్టు మాల్యాద్రి చేతికిచ్చి ఉంటుంది. సమాధానం గాజు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. వాళ్ళ నాయన చెవి పెట్టి విన్న పట్టా అది.

ఇంతలో పేట రోడ్డు మీద దుమ్ము లేచింది. ముందు సగం గడ్డమే గీసుకున్న గుమాస్తా ఒకడు, ఆ వెనక గొడుగూ సంచీతో కాఫీ హోటలాయన, తట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మొగుడూ పెళ్ళాం, వాళ్ళ చంకల్లో ఇద్దరు పిల్లలు. రొప్పుతూ వచ్చి ప్లాట్‌ఫారం మీద పడ్డారు. పట్టాలు అటూ ఇటూ ఖాళీగా ఎండలో మెరుస్తున్నాయి.

"బండేది సమాధానం? అప్పుడే పోయిందా?"

గట్టు మీద గంట ఆగింది. కాస్త ఎడమిచ్చి, ఒక దెబ్బ వినిపించింది. మళ్ళీ ఆగి రెండు. తొందర లేదు.

"బండి కాదయ్యా," అన్నాడు సమాధానం. "మా గంట వచ్చింది."